పదడుగుల గోడ, పద్దెనిమిది టన్నులు: హనుమకొండలో ఒక పాత ఇంటి కేసు

ఇల్లు బరువు మోస్తుందా లేదా అని లెక్క వేసే ఇంజనీర్‌ని నేను. 2025 జనవరి చివర్లో ఒక ఆదివారం సాయంత్రం ఫోన్ వచ్చింది. "సార్, కింద హాల్లో గోడ తీయిస్తున్నం. పొద్దటి నుంచి పై రూములో పగులు కనబడుతుంది. మేస్త్రేమో అది మొన్నటి భూకంపందే అంటుండు. ఒక్కసారి వచ్చి చూస్తరా?" పని ఆగిందా, నడుస్తోందా అని అడిగాను. నడుస్తోందట. సుత్తి కింద పెట్టమని, పై గదిలో ఎవరూ పడుకోవద్దని చెప్పి బయల్దేరాను.

ఇంటివాళ్ల ఆనవాళ్లేవీ ఇందులో లేవు. కొలతలు, లెక్కలు మాత్రం నా నోట్‌బుక్‌లోవే. ఈ కేసులో నేను చేసిన తప్పు కూడా ఉంది. దాన్ని దాచితే ఇది రాయడం దండగ.

ఇల్లు

హనుమకొండలో పాత కాలనీ. కింది అంతస్తు 1986లో కట్టారు, పైది ఏడెనిమిదేళ్ల తర్వాత వేశారు. పిల్లర్లు లేవు. తొమ్మిదంగుళాల ఇటుక గోడల మీదే రెండు స్లాబులూ కూర్చున్నాయి. నేలకు షాబాద్ బండలు. ఇంటాయన రిటైరయ్యాడు. కొడుకు పెళ్లి ఏప్రిల్లో. పెళ్లికి ముందే హాలుకీ వంటింటికీ మధ్య గోడ తీసేసి పెద్ద హాలు చేసుకోవాలని ఆశ. గోడ పొడవు 16 అడుగులు, మధ్యలో మూడున్నర అడుగుల దర్వాజ. వాళ్లు కోరింది పదడుగుల సందు, అంటే అటూ ఇటూ మూడేసి అడుగుల గోడ మిగులుతుంది.

మేస్త్రి నాకు తెలిసినవాడే, పనిమంతుడు. దర్వాజ ఊడదీసి, దాని ఎడమవైపు మూడడుగుల గోడ తీసేశాడు. హాలు వైపు మాత్రం నాలుగు జాకీలు (మర తిప్పి బిగించే ఇనుప ఊతలు) నిలబెట్టాడు, వంటింటి వైపు ఏమీ లేదు.

నేను వెళ్లగానే చూసింది లింటెల్‌ని, అంటే దర్వాజ మీది గోడను మోసే అడ్డ దూలాన్ని. దర్వాజ మీది లింటెల్ రెండు చివర్లా గోడలో కూర్చుని ఉండాలి. ఎడమ చివర కూర్చున్న ఇటుకలు ఇప్పుడు హాల్లో కుప్పగా ఉన్నాయి. అంటే లింటెల్ ఒక కాలు మీద, పైనున్న ఇటుకల పట్టు మీద వేలాడుతోంది. ముందు దాని కింద రెండు జాకీలు బిగించి, తర్వాత మాట్లాడుకున్నాం.

పగులు ఎవరిది?

భూకంపం మాట కొట్టిపారేయలేం. 2024 డిసెంబర్ 4న ఉదయం 7.27కు ములుగు జిల్లా కేంద్రంగా 5.3 తీవ్రతతో వచ్చినప్పుడు హనుమకొండలో ఇళ్లు ఊగాయి. నేనూ బయటికి పరిగెత్తినవాణ్నే. అందుకే ఇల్లంతా తిరిగి చూశాను. కిటికీల మూలల్లో సన్నని గీతలు మూడు నాలుగు దొరికాయి. వాటిలోకి పాత రంగు దిగి ఉంది, ఒకదానిలో సాలీడు గూడు కట్టింది. అవి ఏళ్లనాటివి.

పై గదిలో పగులు అలా లేదు. కింద పగలగొట్టిన చోటికి సరిగ్గా పైన, గోడ అడుగున మొదలై, ఇటుకల వరసల వెంట మెట్లు మెట్లుగా కుడివైపు పైకి వెళ్లింది. అడుగున పోస్టుకార్డు మందం, పైకి పోయేకొద్దీ సన్నం. బ్లేడుతో గీరి టార్చి వేస్తే అంచులు పదునుగా, లోపల ఇటుక కొత్తగా ఎర్రగా కనిపించింది. ఎనిమిది వారాల కిందటి పగులైతే ఇంత దుమ్మున్న ఇంట్లో ఆ ఎరుపు మిగలదు. పైగా భూకంపం ఒక్క గోడనే వెతుక్కుని పట్టుకోదు.

మేస్త్రికి చూపించాను. కాసేపు చూసి, "కింద కూసుంటుంది సార్ ఇది" అన్నాడు. ఆ తర్వాత భూకంపం ఊసు రాలేదు.

పగులు మీద అడ్డంగా మూడు చోట్ల సన్నని గాజు ముక్కలు అరాల్డైట్‌తో అంటించి తేదీ రాశాను. గోడ మళ్లీ కదిలితే గాజు పగులుతుంది. ఇంతకంటే చవకైన పరికరం నాకు తెలియదు.

ఎంత బరువు, ఎటు నుంచి?

గోడ స్లాబును మోస్తోందా, ఊరికే అడ్డుగా ఉందా అన్నది ఊహించకూడదు. రెండు గదుల్లోనూ సీలింగు కొద్దిగా చెక్కి చూశాం. 8 ఎంఎం సలాకలు ఆరంగుళాలకొకటి, రెండు వైపుల నుంచీ ఈ గోడ మీదికే వస్తున్నాయి. హాలు 12 అడుగులు, వంటిల్లు 10 అడుగులు. రెండింటిలో సగాలు కలిపి 11 అడుగుల మేర స్లాబ్ బరువు దీనిదే.

అడుగు పొడవు గోడకు లెక్క వేస్తే: కింది స్లాబ్, దాని మీది బండలు, మనుషులు, సామాను కలిపి సుమారు 650 కిలోలు. పై అంతస్తు గోడ 450. మిద్దె స్లాబ్, దాని మీది వాటర్‌ప్రూఫింగ్ కలిపి 680. మొత్తం అడుగుకు దాదాపు 1,800 కిలోలు. పదడుగులకు 18 టన్నులు.

మేస్త్రి ప్లాన్ ఏంటంటే ఎనిమిదించుల చానళ్లు (ఇంగ్లిషు సి ఆకారపు ఇనుప దూలాలు) రెండు, గోడకు ఇటొకటి అటొకటి వేసి బోల్టులు బిగించడం. "ఏన్గు ఎక్కినా కదలది సార్." రెండు వైపుల నుంచీ సగం సగం గోడ కోసి ఇనుము దూర్చాలన్న ఆలోచన మంచిదే, చివరికి నేను చేసిందీ అదే పద్ధతి. సైజు దగ్గరే తేడా. ఆ చానళ్లు పూర్తి బరువు మీద నడుమ 13 ఎంఎం, అంటే అరంగుళం వంగుతాయి. బలం లెక్కలోనూ అవి ఐఎస్ 800 (ఇనుప కట్టడాలకు మన దేశపు కోడ్) అడిగే రక్షణ ఇవ్వలేకపోయాయి. కానీ బలం సరిపోయినా నేను ఒప్పుకునేవాణ్ని కాదు. ఇనుము అరంగుళం వంగి మళ్లీ లేస్తుంది, దాని మీది ఇటుక గోడకు ఆ తెలివి లేదు. సందు పదడుగులైనా, బీమ్ ఆనే చోట్ల నడుమ నుంచి కొలిస్తే లెక్కకు పొడవు సుమారు 11 అడుగులు. కోడ్ ప్రకారం ఆ పొడవులో 360వ వంతు, ఇక్కడ 9 ఎంఎం వరకు వంగొచ్చు. పైన ఇటుక గోడ ఉంటే నేను 500వ వంతు దాటనివ్వను. అంటే 6.7 ఎంఎం. 250 ఎంఎం ఐ సెక్షన్లు (ఇంగ్లిషు ఐ ఆకారపు ఇనుప దూలాలు) రెండు పక్కపక్కన వేస్తే 4.6 వచ్చింది. రెండిటి వెడల్పు కలిపి పదంగుళాలు, ప్లాస్టరుతో సహా గోడ మందంలో ఇమిడిపోతుంది. అది ఖాయం చేశాను.

ఇంటాయన ఇక్కడితో లెక్క అయిపోయిందనుకున్నాడు. నాకు అసలు దిగులు బీమ్ చివర్ల గురించి. ఒక్కో చివర దాదాపు పది టన్నులు దిగుతుంది. బీమ్‌ను అడుగు మేర గోడ మీద కూర్చోబెడితే అక్కడి ఇటుక మీద చదరపు సెంటీమీటరుకు 14 కిలోల ఒత్తిడి. ఆ గోడ సందుల్లోని సిమెంటు స్క్రూడ్రైవర్‌తో గీరితే పొడిలా రాలింది. అలాంటి గోడకు నేను 4 కిలోలు దాటనివ్వను. మిగిలే మూడడుగుల గోడ ముక్క మొత్తం బరువు పంచుకున్నా 7 దాటుతోంది. కాబట్టి బీమ్ ఇటుక మీద కూర్చోవడం కుదరదు. రెండు చివర్లా ఇనుప స్తంభాలు కావాలి. ఆరించుల చానళ్లు రెండు ఎదురెదురుగా పెట్టి పెట్టెలా వెల్డింగ్ చేయించాం.

స్తంభం దేని మీద నిలబడుతుంది? వంటింటి మూలన ఒక బండ లేపి మూడున్నర అడుగులు తవ్వించాను. రెండడుగుల వెడల్పున గ్రానైట్ రాళ్ల పునాది, దాని అడుగున గట్టి మొరం. గునపం వేస్తే ఖంగుమంది. నల్లరేగడి తగిలి ఉంటే ఈ పని వద్దనేవాణ్నేమో. స్తంభం కింద మూడడుగుల పొడవు, 15 అంగుళాల వెడల్పు, అడుగు మందం కాంక్రీటు దిమ్మె వేస్తే బరువు రాళ్లలో పరుచుకుని దిగుతుంది. మొరం మీద ఒత్తిడి చదరపు మీటరుకు 12 టన్నుల నుంచి 15 దాకా పెరుగుతుంది. ఆ నేలకు అదేం ఎక్కువ కాదు.

దిమ్మెల కోసం గోడ చివర్ల అడుగు మాత్రమే కోశాం, మిగతా గోడ అలాగే ఉంచాం. దిమ్మెలు పోసి రెండు వారాలు ఆగాం. "పెళ్లి దగ్గరికొస్తుంది సార్" అని ఇంటాయన రోజూ ఫోన్ చేసేవాడు.

సజ్జ సంగతి

ఆ గోడకే వంటింటి వైపు, తల ఎత్తున, రెండడుగుల సిమెంటు సజ్జ ఉంది. దాని మీద ఇత్తడి బిందెలు, గంగాళాలు, ఇంకా ఏవేవో మూటలు. సజ్జ తోక గోడలో ఉంటుంది, మీది గోడ బరువు అదిమిపడితేనే అది నిలుస్తుంది. గోడ కోయడం మొదలైతే మొదట కూలేది అదే. మేస్త్రి ప్లాన్‌లో దీని ప్రస్తావనే లేదు. నిజం చెప్పాలంటే మొదటి రోజు నేనూ తల పైకెత్తి చూడలేదు. రెండో రోజు ఇంటాయన తల్లి స్టూలెక్కి బిందె తీస్తుంటే తట్టింది.

"అమ్మా, ఈ సజ్జ తీసేయాలె" అన్నాను.

"తీస్తే నా గంగాళం యాడ వెట్టాలె బిడ్డా? నా పెండ్లినాటిది."

ముందు సామాను దించి, సజ్జను గోడ దాకా కట్టరుతో కోసి, ముక్కలుగా దించాం. గంగాళం పై గదికి పంపుదామని ఎవరో అన్నారు. పై గదిని అప్పుడే ఖాళీ చేయిస్తున్నాను, బీరువా సహా. దాంతో అది వరండాలోకి పోయింది.

నా తప్పు

గోడ కోస్తున్నంతసేపూ ఆ 18 టన్నులు ఎక్కడో నిలబడాలి. పై గోడకు రంధ్రాలు చేసి అడ్డంగా ఇనుప దూలాలు దూర్చి ఎత్తిపట్టడం పుస్తకాల్లో ఉండే పద్ధతి. ఇక్కడ బీమ్ స్లాబ్‌కు ఆనుకునే వస్తోంది కాబట్టి కింద దూలాలకు చోటు లేదు. పై గదిలో దూర్చితే వాటి జాకీలు నిలబడేది మళ్లీ ఇదే స్లాబ్ మీద. అందుకే స్లాబ్‌నే గోడకు రెండు వైపులా, గోడకు అడుగున్నర లోపల, వరసగా పట్టాలనుకున్నాను. జాకీల తలల మీద ఆరించుల చానల్ పొడవునా, ఒక్కో వైపు ఎనిమిది జాకీలు. దగ్గరగా పడితేనే పై గోడ బరువును స్లాబ్ ఆ కాస్త దూరం మోయగలదు. మేస్త్రి హాలు వైపు పెట్టిన నాలుగు జాకీలు గోడకు నాలుగడుగుల దూరంలో ఉన్నాయి. అవి హాలు స్లాబ్‌ను పట్టాయి, పై గోడను పట్టినవాళ్లెవరూ లేరు. పగులు వచ్చింది అందుకే.

పైన ఇంత ఆలోచించిన నేను కింద ఆలోచించలేదు. ఒక్కో జాకీ మీద టన్నుకు పైగా బరువు. ఆరంగుళాల పాదం కింద చెక్క ముక్క వేసి షాబాద్ బండ మీద నిలబెట్టించాను. బండ గట్టిదే. బండ కింద ఉన్నది నలభై ఏళ్ల కిందట నింపిన మట్టి.

హాలు వైపు గోడలో సగం మందం, అంటే నాలుగున్నర అంగుళాల లోతు గాడి కోసి సాయంత్రం ఆపాం. తెల్లారి ఆరింటికి ఇంటాయన ఫోన్: "రాత్రి టప్పున సప్పుడొచ్చింది సార్." వెళ్లి చూస్తే హాల్లో రెండు బండలు పగిలి జాకీల కింద గిన్నెలా దిగాయి. లెవల్ పైపు పట్టి చూస్తే స్లాబ్ అంచు రెండు ఎంఎం దిగింది. పైన మూడు గాజు ముక్కల్లో కిందిది పగిలింది.

మిగిలిన సగం గోడ బరువు పట్టి ఉంచింది కాబట్టి రెండు ఎంఎంతో పోయింది. అదే రోజు వంటింటి వైపు కూడా కోసి ఉంటే ఏమయ్యేదో రాయాలని లేదు. అంతకుముందు చేసిన ఇళ్లలో కింద గట్టి సిమెంటు బెడ్ ఉండేది. ఆ అలవాటే ఇక్కడ పట్టుకుంది.

గాడిని ఇటుక చెక్కలు, ఇనుప మేకులతో (ఒక చివర మందంగా, ఇంకో చివర సన్నగా ఉండే బిళ్లలు, సందులో కొట్టేకొద్దీ బిగుస్తాయి) బిగించి పని ఆపేశాం. జాకీల వరస కింద రెండడుగుల వెడల్పున బండలు లేపి, మట్టి దిమ్మిస కొట్టి, ఆరంగుళాల కాంక్రీటు పట్టీ పోశాం. కాజీపేట వైపు ఒక అడితిలో పాత చెక్క రైల్వే స్లీపర్లు దొరికాయి. వాటిని పట్టీ మీద పొడవునా పరిచి జాకీలు వాటి మీద నిలబెట్టాం. వారం పోయింది. స్లాబ్‌ను ఆ రెండు ఎంఎం మళ్లీ పైకి ఎత్తే ప్రయత్నం చేయలేదు. ఎత్తితే పై గోడ ఇంకో చోట పగులుతుంది.

బరువు మారిన రోజు

స్తంభాలు నిలబెట్టి, మొదటి బీమ్ హాలు వైపు గాడిలో ఎక్కించాం. పన్నెండు అడుగుల ముక్క, 136 కిలోలు, ఆరుగురు మనుషులు. దాని మీద స్లాబ్‌కూ బీమ్‌కూ మధ్య అంగుళం సందు. బీమ్ కింద కూడా వేలు దూరేంత సందు వదలమన్నాను. "కింద సందెందుకు సార్, ఇటుక మీద ఆనితే ఇంకా గట్టిగుంటది గదా?" అన్నాడు మేస్త్రి. ఆ ఇటుకలు రేపు తీసేవే. బీమ్ ఇప్పుడే వంగాల్సినంత వంగాలి, కింద ఇటుక ఆనితే వంగదు. గోడ తీశాక వంగితే ఆ వంపు పై గదిలో పగులుగా కనిపిస్తుంది.

బీమ్ పైన రెండడుగులకొకటి చొప్పున ఇనుప మేకు జతలు ఎదురెదురుగా కొట్టి స్లాబ్‌తో బిగించాం. తర్వాత వంటింటి వైపు గాడి కోసి, రెండో బీమ్ వేసి, అలాగే బిగించాం. రెండు బీమ్‌లనూ బోల్టులతో కలిపాం. అడుగున ఈ చివర నుంచి ఆ చివరకు నూలు దారం లాగి కట్టాను. శాశ్వత బరువు మీద బీమ్ 3.7 ఎంఎం వంగాలని నా లెక్క. మేస్త్రి ఒక్కో మేకుకు రెండేసి దెబ్బలు వేస్తూ చివర నుంచి నడుమకు, నడుమ నుంచి చివరకు తిరిగాడు. నేను స్కేలు పట్టుకుని దారం దగ్గర కూర్చున్నాను. ఒక ఎంఎం. ఒకటిన్నర. నాలుగో తిరుగుడుకు రెండున్నర. మూడు దగ్గర ఆపమన్నాను.

వంటింటి వైపు నడుమ జాకీ దగ్గరికి వెళ్లి మర చేత్తో తిప్పాను. పొద్దున పైపు వేసి తిప్పినా కదలని మర, రెండు వేళ్లతో తిరిగింది. మేస్త్రిని పిలిచి తిప్పమన్నాను. అతను వరసగా మిగతావీ తిప్పి చూశాడు. బరువు బీమ్ మీదికి వచ్చేసింది, గోడ ఇంకా కిందే నిలబడి ఉంది.

మేకుల మధ్య సందంతా కుంచించుకుపోని గ్రౌట్‌తో నింపాం. మామూలు సిమెంటు ఆరేటప్పుడు కొద్దిగా కుంచించుకుంటుంది, ఇక్కడ ఆ కొద్దే కొంప ముంచుతుంది. ఏడు రోజులాగి కింది ఇటుకలు పై వరస నుంచి ఒక్కోటీ తీశాం. జాకీలు ఒక్కరోజులో తీయలేదు. నడుమ నుంచి చివరలకు, రోజుకు పావు తిరుగుడు చొప్పున నాలుగు రోజులు వదులు చేశాం. మొత్తం మీద స్లాబ్ ఇంకో ఎంఎం దిగింది. కొత్తగా అంటించిన గాజు పగల్లేదు.

ఇనుముకు జింక్ ప్రైమర్ రెండు కోట్లు, కోడి జాలి చుట్టి ప్లాస్టరు. వంటింటి ఆవిరి, మంట రెండింటికీ అది అవసరమే.

తర్వాత

ఖర్చు మేస్త్రి మొదట చెప్పినదానికి రెండింతలు దాటింది. అందులో నా బండల తప్పు భాగం నా ఫీజులో తగ్గించుకున్నాను. ఇప్పుడు ఏ ఇంట్లో జాకీ పెట్టాలన్నా ముందు ఒక బండ లేపించి కింద ఏముందో చూస్తున్నాను. డ్రాయింగులో కూడా బీమ్ కంటే ముందు, పని జరిగే ప్రతి రోజూ బరువు దేని మీద నిలబడి ఉంటుందో గీస్తున్నాను: మొదటి గాడి కోసిన రోజు, రెండో గాడి రోజు, మేకులు కొట్టిన రోజు. ఈ కేసులో బీమ్ లెక్కకు నాకు పట్టింది గంట. మిగతా ఆరు వారాలూ ఆ బొమ్మలు ముందే గీసుకోకపోవడం వల్ల సగం, ఆగాల్సిన చోట ఆగడం వల్ల సగం.

పై గది పగులును వెంటనే పూడ్చలేదు. వానాకాలం గడిచాక, దసరా తర్వాత వెళ్లి చూశాను. గాజు ముక్కలు అలాగే ఉన్నాయి. అప్పుడు గీరి పూడ్చి రంగు వేయించాం. కింద కుడివైపు ఇనుప స్తంభం, ఇటుక కలిసే చోట ప్లాస్టరులో వెంట్రుకలాంటి నిలువు గీత వచ్చింది. రెండు వేర్వేరు వస్తువులు కలిసే చోట అది మామూలే, దాన్ని వదిలేశాను.

మేస్త్రి ఈమధ్య ఇంకో ఇంటి గోడ ఫొటో పంపి "ఇది తీయొచ్చా సార్?" అని అడిగాడు. పై అంతస్తు ఫొటో పంపమన్నాను. అది కూడా ముందే తీసి పెట్టుకున్నాడట, వెంటనే వచ్చింది. దాని వెనకే ఇంకొకటి: లేపిన బండ, పక్కన గుంట, గుంటలో నిలబెట్టిన టేపు.